కాసు మీది సమాధానము

రెండు పిచ్చుకలు ఒక కాసునకు అమ్ముడుపోవునని మన ప్రభువు తన శిష్యులతో చెప్పిన మాట (మత్తయి 10:29) మన సండేస్కూలు పిల్లలకు సహితము తెలిసినదే. లూకా సువార్తలో బేరము కొంచెము వేరు; రెండు కాసులకు అయిదు పిచ్చుకలు (12:6). నాలుగు కొన్నవానికి ఒకటి కొసరు పడినదన్నమాట. పిచ్చుకలనుగూర్చి మనము ఎన్నియో ప్రసంగములు వినియున్నాము. ఆ కాసును గూర్చి విన్నది తక్కువ. ప్రియ చదువరులారా, ఈ నెల అట్టి కాసులను కొన్నింటిని మీ అరచేతిలో పెట్టి, ఇటును అటును త్రిప్పి చూపవలెనని నా కోరిక. ఏలయనగా రోమా ప్రభుత్వము అట్టి చిన్న నాణెముల మీద ఒక మాటను తరతరములుగా చెక్కించుచు వచ్చెను. అది మనము ఆరాధన ముగింపున దీవెనలో వినుచున్న మాటయే. సమాధానము!

తెలుగు బైబిలులో కాసు అని మనము చదువు ఆ చోట గ్రీకు మూలమున 'అస్సారియొన్' అని యున్నది. రోమీయుల 'ఆస్' అను రాగి నాణెమునకు గ్రీకు మాటలాడువారు పెట్టుకొనిన పేరు అది. దీని లెక్క మన పెద్దలకు విడమరచి చెప్పనక్కరలేదు. 1957కు ముందు రూపాయికి 16 అణాలు ఉండినట్లే, ఒక వెండి దేనారమునకు 16 ఆస్‌లు. ద్రాక్షతోట ఉపమానములో కూలివాని దినవేతనము ఒక దేనారము గదా. ఆ దేనారము రూపాయి అనుకొంటిరా, ఆస్ ఒక అణా. రెండు ఆస్‌ల నాణెమును దుపొండియసు అనిరి. అది మన బేడ. నాలుగు ఆస్‌ల నాణెము సెస్తర్తియసు. అది మన పావలా. బీద విధవరాలు కానుకపెట్టెలో వేసిన రెండు నాణెములు కలిపి చూచినను పావు ఆస్ మాత్రమే (మార్కు 12:42).

నాణెములను గూర్చిన గ్రంథములలో వీటినన్నిటిని కలిపి కంచు నాణెములు అని వ్రాయుదురు. అది గ్రంథముల వాడుక. ఇంటిలో రాగిబిందెను, ఇత్తడి చెంబును, కంచు గిన్నెను వేరు వేరుగా తోమి ఎరిగిన మన స్త్రీలు ఆ మాట ఒప్పుకొనరు. మనము చెప్పుకొనుచున్న మొదటి శతాబ్దములో ఆస్ సాధారణముగా రాగి. దుపొండియసు, సెస్తర్తియసు ఇత్తడి. ఇత్తడివి క్రొత్తగా ఉన్నప్పుడు పసుపుపచ్చగా మెరయుచుండెను. సెస్తర్తియసు సుమారు 25 గ్రాముల బరువు, అనగా మన పాత లెక్కలో రెండు తులములకు పైమాట. అంత వెడల్పు గల నాణెము మీద చెక్కడపువానికి చిత్రము వ్రాయుటకు చోటు చాలినంత దొరికెను.

ఆ కాలమున వార్తాపత్రిక లేదు, రేడియో లేదు. చక్రవర్తి ముఖము ఎట్లుండునో, ఆయన తన్ను గూర్చి ఏమి చెప్పుకొనుచున్నాడో సామాన్యునికి నాణెమే తెలిపెడిది. బంగారు నాణెము ధనవంతుని పెట్టెలో పండుకొనును. కాసు అట్లు కాదు. అది చేపల గంపలోనికి, రొట్టెల అంగడిలోనికి, కూలివాని మొలకొంగులోనికి పోవును. చదువురానివాడు అక్షరములను దాటిపోయినను బొమ్మను చూడక మానడు. కావుననే ప్రభుత్వము చెప్పదలచినదానిని బొమ్మగా చెప్పెను.

సమాధానమును వారు ఒక స్త్రీ రూపముగా చెక్కిరి. ఆమె పేరు పాక్స్. రోమీయులు ఆమెను దేవతగా పూజించిరి. ఆమె ఒక చేతిలో ఒలీవ కొమ్మ ఉండును. మన పొలములలో ఒలీవ చెట్టు లేకపోయినను, నోవహు ఓడలోనికి పావురము తెచ్చిన ఆకును ఎరిగిన మనకు ఆ గురుతు క్రొత్తది కాదు. రెండవ చేతిలో పండ్లతోను ధాన్యముతోను నిండి పొరలుచున్న మేకకొమ్ము ఉండును. అది పంటకు గురుతు. కొన్ని నాణెముల మీద కొమ్మునకు బదులు రెండు పాములు పెనవేసికొనిన బెత్తము కనబడును. మన గ్రామములలో చెట్ల క్రింద నిలిపిన నాగశిలలను చూచినవారికి ఆ ఆకారము వెంటనే తెలియును గాని, దాని అర్థము వేరు. శత్రు శిబిరములోనికి మాట మోసికొనిపోవు రాయబారి చేతికఱ్ఱ అది. ఆ కఱ్ఱను పట్టుకొనినవానిని చంపకూడదు.

బొమ్మను మాత్రమే చూచినయెడల ఇందులో తప్పు పట్టవలసినదేమి? కొమ్మ మంచిది, పంట మంచిది, రాయబారము మంచిది. అయితే నాణెమునకు రెండు ప్రక్కలున్నవి, అది తయారైన సంవత్సరము కూడ ఉన్నది. ఈ మూడింటిని కలిపి చదువవలెను.

నీరో చక్రవర్తి నాణెమును తీసికొనుడి. సుమారు క్రీ.శ. 65 మొదలుకొని రోమాలోను, ఇప్పటి ఫ్రాన్సు దేశములోని లియోన్ పట్టణములోను ఈ రకము రాగి ఇత్తడి నాణెములు విస్తారముగా అచ్చుపడెను. ఒక ప్రక్కను లావుపాటి మెడతో నీరో ముఖము. రెండవ ప్రక్కను ఒక చిన్న కట్టడము: గోడలో జల్లెడవంటి కిటికీ, రెండు రెక్కల తలుపు, తలుపు మీదుగా వ్రేలాడు పూలదండ. తలుపు మూసియున్నది. చుట్టును ఉన్న అక్షరముల భావము ఇది: రోమా ప్రజలకు భూమి మీదను సముద్రము మీదను సమాధానము సంపాదింపబడినందున ఆయన జానసు ద్వారమును మూసెను.

జానసు రెండు ముఖముల దేవుడు. గడపలకును ప్రారంభములకును అధిపతియని రోమీయులు నమ్మిరి. ఆయన చిన్న గుడి పట్టణపు నడిబొడ్డున ఉండెను. యుద్ధము జరుగుచున్నంతకాలము దాని తలుపులు తెరచి యుంచుట, ఎక్కడను యుద్ధము లేనప్పుడు మూయుట వారి ఆచారము. పూర్వరాజైన నూమా కాలమున ఒకసారి, క్రీ.పూ. 235లో ఒకసారి మూసిరని వారి చరిత్ర. నూమా తరువాత ఔగుస్తు కైసరు పుట్టువరకు గడచిన శతాబ్దములన్నిటిలో ఆ తలుపులు మూతపడినది ఆ ఒక్కసారియే! ఆ జనము ఎట్టి జనమో దీనినిబట్టి మీరే ఆలోచించుడి. ఔగుస్తు తన ఏలుబడిలో మూడుసార్లు మూసితినని తన కార్యముల శాసనములో చెక్కించుకొనెను, క్రీ.పూ. 29లో మొదటిసారి, 25లో రెండవసారి. ఆ శాసనములో ఆయన దాచక చెప్పిన మాట ఒకటి ఉన్నది: సమాధానము విజయములచేత సంపాదింపబడెను అని. నీరో నాణెము మీద విజయములు అను ఆ మాట లేదు.

ఇక్కడ ఒక సంగతి ప్రక్కగా చెప్పవలెను. క్రిస్మసు ప్రసంగములలో కొందరు బోధకులు, ప్రభువు పుట్టిన సంవత్సరమున జానసు తలుపులు మూయబడియుండెనని, లోకమంతయు సమాధానముతో ఆయన కొరకు కనిపెట్టుచుండెనని చెప్పుదురు. ఇది అయిదవ శతాబ్దపు రచయితయైన ఒరోసియసు వ్రాసిన మాట. వినుటకు ఇంపుగా నుండును. అయితే ఔగుస్తు మూడవసారి తలుపు మూసిన సంవత్సరమును అతని శాసనము చెప్పదు, సువార్తికులు ఈ తలుపును గూర్చి ఒక్క మాటయు వ్రాయలేదు. బేత్లెహేములో దూతలు పాడిన సమాధానమునకు రోమా గుడి తలుపు సాక్ష్యము అక్కరలేదు. ఈ మాటను మన ప్రసంగములలోనుండి విడిచిపెట్టుట మేలని నేను తలంచుచున్నాను.

నీరో విషయమున న్యాయముగా మాటలాడుదము. ఆ నాణెము వెనుక నిజమైన సంధి ఒకటి ఉండెను. అర్మేనియ రాజ్యమును గూర్చి రోమీయులకును పార్తీయులకును జరిగిన యుద్ధములో 62లో ఒక రోమా సైన్యము అవమానము పొందెను. 63లో ఇరుపక్షములు మాటలాడుకొని ఒడంబడిరి: పార్తీయ రాజు తమ్ముడైన తిరిదాతు అర్మేనియను ఏలును గాని, కిరీటమును నీరో చేతినుండి పొందవలెను. 66లో అతడు రోమాకు వచ్చి కిరీటము పొందెను. ఆ తరువాత త్రాజాను 114లో యుద్ధమునకు బయలుదేరువరకు, సుమారు 50 సంవత్సరములు, ఆ సరిహద్దున పెద్ద యుద్ధము లేకపోయెను. కత్తితో కాక మాటతో వచ్చిన సమాధానము ఎంతకాలము నిలిచెనో చూడుడి. అయితే ఈ సంధిని కుదిర్చిన కొర్బులో అను సేనాధిపతిని 67లో తన్ను తాను చంపుకొనుమని నీరో ఆజ్ఞాపించెను.

ఇప్పుడు సంవత్సరమును చదువుదము. 64వ సంవత్సరము జూలై నెలలో రోమా తగులబడెను. పట్టణపు 14 భాగములలో నాలుగు మాత్రమే చెక్కుచెదరక నిలిచెను. నింద తన మీదికి రాగా నీరో దానిని క్రైస్తవుల మీదికి త్రోసెను. మన పక్షమువాడు కాని టాసిటసు అను చరిత్రకారుడే దీనిని వ్రాసిపెట్టెను. విశ్వాసులలో కొందరికి మృగముల చర్మములు కప్పి కుక్కలచేత చీల్పించిరి, కొందరిని సిలువవేసిరి, కొందరిని ప్రొద్దుక్రుంకిన తరువాత దీపములవలె కాల్చిరి. ఆ వేడుకకు నీరో తన తోటలనే ఇచ్చెను. పేతురును పౌలును ఈ నీరో కాలముననే రోమాలో హతసాక్షులైరని సంఘ పారంపర్యము.

ఆ మంటలు ఆరిన ఒకటి రెండు సంవత్సరములలోనే మూసిన తలుపు బొమ్మ గల కాసులు అదే పట్టణపు సంతలోనికి వచ్చెను. మిగిలిన విశ్వాసులు, భర్తలను పోగొట్టుకొనిన స్త్రీలు, తండ్రులు లేని పిల్లలు వేరే ఏ నాణెముతో రొట్టె కొనగలరు? ఒక ప్రక్కను తమవారిని చంపినవాని ముఖము, రెండవ ప్రక్కను భూమి మీదను సముద్రము మీదను సమాధానము. వారు దానిని పారవేయలేరు. అది వారి కూలి. ఆదివారమున పరిశుద్ధులకొరకు కూర్చిన సంచిలో సహితము చక్రవర్తుల నాణెములే పడియుండును. ఆ కాసు మీది మాట తమ విషయములో అబద్ధమని వారికి తెలియును. అయినను ఆ మాటను వారు విడువలేదు. తమ ఉత్తరములలో, తమ పలకరింపులలో, కృపయు సమాధానమును కలుగుగాక అని వ్రాసికొనుచునే యుండిరి. అదే మాట కాసు మీద ఒకటి, ఉత్తరములో ఒకటి!

నీరో చెక్కించిన మరియొక బేడ నాణెము మీద ఒక స్త్రీ కుర్చీలో చేరగిలబడి, తలను చేతిమీద ఆనించుకొని, ఎదుట బలిపీఠము పెట్టుకొని విశ్రాంతిగా కూర్చుండును. ఆమె పేరు సెక్యూరితాసు. నిర్భయము, క్షేమము అని అర్థము. లోకులు నెమ్మదిగా ఉన్నది, భయమేమియు లేదు అని చెప్పుకొనుచున్నప్పుడే నాశనము తటస్థించునని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన హెచ్చరిక (1 థెస్స. 5:3) వెంటనే జ్ఞాపకమునకు వచ్చును. పౌలు ఈ నాణెమును చూచి వ్రాసెనని మాత్రము అనరాదు. ఆ పత్రిక సుమారు 50 లేక 51లో వ్రాయబడెను. నాణెము సుమారు 15 సంవత్సరములు చిన్నది. అయితే క్లౌదియ చక్రవర్తి 41, 42 నాటికే తన బంగారు వెండి నాణెముల మీద సమాధానపు పేరు చెక్కించెను. ఈ మాటలు అంతకుముందే రాజ్యమంతట వినబడుచుండెను. పౌలు ఒక నాణెమునకు కాదు, ఆ నాణెములను పుట్టించిన ధీమాకు జవాబు చెప్పెను.

నీరో 68లో చచ్చెను. ఆ తరువాతి సంవత్సరము, 69, రోమా చరిత్రలో నలుగురు చక్రవర్తుల సంవత్సరము. గాల్బా పాక్స్ బొమ్మతో కాసులు వేయించెను. జనవరిలో నడివీధిని నరకబడెను. అతని వెనుక ఒతో వచ్చి భూలోకమంతటి సమాధానము అని వెండి బంగారు నాణెముల మీద చెక్కించెను. మూడు నెలలు ఏలి, యుద్ధములో ఓడి, ఏప్రిలులో తన్ను తాను పొడుచుకొనెను. విటెల్లియసు ఇత్తడి పావలాల మీద పాక్స్‌ను నిలిపెను. డిసెంబరులో అతనిని వీధులలో ఈడ్చి చంపిరి. గెలిచిన నాలుగవవాడు వెస్పాసియను. అతడు అందరికంటె ఎక్కువగా పాక్స్‌ను చెక్కించెను. ఒకరినొకరు చంపుకొనిన నలుగురును చెప్పుకొనినది ఒక్క మాటయే.

వెస్పాసియను నాణెముల యొద్ద మనము ఎక్కువసేపు నిలువవలెను. ఇతడు నీరో పంపగా 67లో యూదయ మీదికి వెళ్లినవాడు. అతని కుమారుడు టైటసు 70లో యెరూషలేమును పట్టుకొని దేవాలయమును కాల్చెను. ముట్టడిలో చిక్కుకొనిన యూదులు సహితము తమ చిన్న కంచు నాణెముల మీద ద్రాక్షాకును చెక్కి సీయోను స్వాతంత్ర్యము అని వ్రాసికొనియుండిరి. తరువాత నాలుగవ సంవత్సరపు నాణెములపై సీయోను విమోచనము అని వ్రాసిరి. అవి నేటికిని అక్కడి మట్టిలో దొరకుచున్నవి.

71వ సంవత్సరమున రోమా టంకశాలలో రెండు రకముల పావలాలు ప్రక్కప్రక్కనే తయారైనవి. ఒకదాని మీద కొమ్మను, మేకకొమ్మును పట్టుకొనిన పాక్స్. రెండవదాని మీద నడుమ ఒక ఖర్జూరపు చెట్టు. ఒక ప్రక్కను చేతులు వెనుకకు కట్టబడి నిలిచిన యూదుడు. మరియొక ప్రక్కను చెట్టు మొదట కూర్చుండి, తలను చేతిలో పెట్టుకొని యేడ్చుచున్న స్త్రీ. చుట్టును 'పట్టబడిన యూదయ' అని అక్షరములు. ఓడిన జనమును ఏడ్చు స్త్రీగా చూపుట రోమా చెక్కడపువారి వాడుక. వారు మన ప్రవక్తలను చదివినవారు కారు. అయినను యెషయా మూడవ అధ్యాయపు చివర సీయోను ఏమీ లేనిదై నేల మీద కూర్చుండునని చదివినవాడు ఆ నాణెమును చూచి వణకకుండ ఉండగలడా? ఈ పట్టణమును చూచియే మన ప్రభువు ఏడ్చెను. సమాధానమునకు సంబంధించిన సంగతులను నీవు తెలిసికొనినయెడల ఎంత మేలు అని ఆయన దానితో అనిన 40 సంవత్సరములకు (లూకా 19:41-44) ఈ కాసు వెలువడెను. జయించినవాడు ఆ స్త్రీ కన్నీటిని ఇత్తడి మీద పోతపోసెను. ప్రభువు ఆ కన్నీటిని ముందుగా తానే కార్చెను.

ఇంతటితో కాలేదు. 75లో వెస్పాసియను రోమాలో సమాధాన దేవతకు గొప్ప ఆలయము కట్టి ప్రతిష్ఠించెను. యెరూషలేము దేవాలయమునుండి దోచుకొని వచ్చిన బంగారు పాత్రలను ఆ ఆలయములో ఉంచెనని ఆ కాలపు యూదుడైన జోసీఫసు వ్రాసియున్నాడు. సైనికులు దీపవృక్షమును, సన్నిధి రొట్టెల బల్లను మోసికొనిపోవుచున్న చిత్రము రోమాలోని టైటసు కమాను మీద నేటికిని చూడవచ్చును. కాలిన మందిరపు దీపము సమాధానపు గుడిలో దోపుడు సొమ్మాయెను.

వెస్పాసియను నాణెములలో మరియొక రకమున్నది. అందులో పాక్స్ దివిటీ పట్టుకొని ఆయుధముల కుప్పకు నిప్పు పెట్టుచుండును. మొదటి చూపునకు ఇది కీర్తనకారుడు చెప్పిన యుద్ధరథముల దహనమువలె (కీర్తన 46:9) తోచును. కాని కాలుచున్న ఆయుధములు ఎవరివి? ఓడినవారివి. గెలిచినవాని కత్తి ఒరలో భద్రముగా ఉన్నది. యెషయా రెండవ అధ్యాయములో జనములు సాగగొట్టి నాగటి నక్కులుగా చేయునవి తమ స్వంత ఖడ్గములు. ఇనుము కాగి సమ్మెట దెబ్బకు వంగుటను మీరు కమ్మరి కొలిమి యొద్ద చూచినవారు. కాల్చివేయుటకును తిరిగి సాగగొట్టుటకును భేదము మీకు చెప్పనక్కరలేదు.

త్రాజాను (98-117) కాలమునకు చెక్కడపువారికి దాపరికము కూడ పోయినది. డాకియ దేశమును జయించిన తరువాత వేసిన అతని పావలా నాణెములలో ఒక రకము మీద పాక్స్ ఎప్పటివలె కొమ్మను, మేకకొమ్మును పట్టుకొని నెమ్మదిగా నిలువబడియున్నది. క్రింద చూచినయెడల ఆమె కుడిపాదము ఒక డాకియవాని మీద మోపబడియున్నది. కాలి క్రింద మనిషి, చేతిలో ఒలీవ కొమ్మ! చూచువారికి అది తప్పుగా తోచునేమో అను సందేహమైనను టంకశాలకు కలిగినట్లు లేదు.

మన తెలుగు బైబిలు అనువదించినవారు శాంతి అను మాటకంటె సమాధానము అను మాటను ఎక్కువగా ఎన్నుకొనిరి. బడిలో సమాధానమనగా ప్రశ్నకు జవాబు. మాట మూలమును చూచిన, విడిపోయినవానిని చక్కగా కలిపి ఉంచుట. రోమీయుల పాక్స్ అను మాటకు సహితము మొదటి అర్థము ఒడంబడికయే. రెండు పక్షములు లేక ఒడంబడిక లేదు. కాని కాసు మీద ఒక్కని తలయే ఉన్నది, మాటలాడుచున్నది ఒక్కడే. కాలి క్రింది డాకియవానిని ఎవరు అడిగిరి? అతడు ఊరకున్నాడు, ఆ ఊరకుండుటకే సమాధానమని పేరు పెట్టిరి. ఈ పేరు మన సంఘ కూటములలోను వినబడుచున్నదని మీకు తెలియును. బలముగల కుటుంబము బీద విధవరాలి నోరు మూయించి, గొడవ సర్దుబాటైనది అయ్యగారూ, ప్రార్థన చేయుడి అని కాపరితో చెప్పును.

చెరలో సంకెళ్లతో ఉండి వ్రాసిన పత్రికలలో అపొస్తలుడైన పౌలు దీనికి నేరుగా ఎదురు మాట వ్రాసెను. క్రీస్తే మన సమాధానమనియు, ఇద్దరి మధ్యనున్న గోడను ఆయన పడగొట్టెననియు ఎఫెసీయులకు (2:14). తన సిలువ రక్తముచేత ఆయన సంధి చేసెనని కొలొస్సయులకు (1:20). రోమా సంధిలో కారిన రక్తము ఓడినవానిది. ఈ సంధిలో కారిన రక్తము సంధి చేసినవానిది. రాజు పాదము ఎవని మెడ మీదను లేదు; ఆయన పాదములకే మేకులు కొట్టబడెను. ఆ సిలువను కొట్టించినదియు రోమా సమాధానమును కాపాడు అధిపతియే గదా.

ఇవన్నియు దూరదేశపు సంగతులని అనుకొనకుడి. పరిసయ్యులు మన ప్రభువునకు చూపిన పన్ను నాణెము తిబెరి కైసరు దేనారమని వాడుకగా చెప్పుదురు. దాని ఒక ప్రక్కను కైసరు తల, రెండవ ప్రక్కను చేత కొమ్మ పట్టుకొని కూర్చున్న స్త్రీ. ఆమెను పాక్స్ రూపములో ఉన్న తిబెరి తల్లి లివియ అని చాలమంది పండితులు తలంచుచున్నారు. ఆ తిబెరి దేనారములు దక్షిణ హిందూదేశములో విస్తారముగా బయటపడెను. నల్గొండ జిల్లా మట్టిలోను దొరికెను. మిరియములకును, సన్నని వస్త్రములకును రోమా ధనము మన తీరములకు పారుచుండెను. మచిలీపట్నపు ప్రాంతమును ఆనాటి గ్రీకు నావికుడు మసాలియ అని పిలిచి అక్కడి నేతబట్టలను పేర్కొనెను. హిందూదేశము ఏటేట 5 కోట్ల సెస్తర్తియసులను లాగికొనుచున్నదని ప్లినీ అను రోమా పండితుడు మొరపెట్టెను. మనవారు ఆ వెండిని తూకమునకు పుచ్చుకొనిరి. దాని మీది కొమ్మ ఏమి చెప్పుచున్నదో విచారించుటకు వారికి పని లేదు.

రోమా సమాధానమువలన మేలు లేదని నేను చెప్పుట లేదు. దొంగలు లేని బాటలు, సముద్రపు దోపిడిగాండ్రు అణగిన ఓడదారులు లేకపోయినయెడల పౌలు అంత దూరము తిరుగగలిగెడివాడు కాడు. మూడవ శతాబ్దపు సంఘ పండితుడైన ఒరిగెను ఔగుస్తు రాజ్యము సువార్తకు బాట వేసెనని ఒప్పుకొనెను. బాటను దేవుడు వాడుకొనెను. బాట వేసినవానికి నమస్కరించుమని చెప్పలేదు.

తరువాత చక్రవర్తులే క్రైస్తవులైరి. కాసులు మారెనా? కొన్ని గురుతులు మారెను. 348 మొదలుకొని, కొన్‌స్తంతీను కుమారులైన కొన్‌స్తంతియసు, కొన్‌స్తాన్సుల కాలమున, మంచి కాలములు తిరిగి వచ్చెను అని భావమిచ్చు అక్షరములతో కంచు నాణెములు లెక్కకు మించి అచ్చుపడెను. వాటిలో అందరికంటె ఎక్కువగా దొరకు రకము మీద ఉన్న బొమ్మ ఇది: గుఱ్ఱము మీదనుండి పడుచున్న శత్రువును రోమా సైనికుడు ఈటెతో పొడుచుచుండును. ఆ శత్రువు చేయి పైకెత్తి బ్రతిమాలుకొనుచుండును. మాగ్నెంతియసు అను తిరుగుబాటు చక్రవర్తి 353లో తన పెద్ద కంచు నాణెము మీద క్రీస్తు నామపు మొదటి రెండు అక్షరములను నాణెమంత చెక్కించి, ఇరుప్రక్కల అల్ఫాను ఒమెగాను ఉంచెను. అప్పటికి రెండు సంవత్సరముల క్రితము ముర్సా యొద్ద రోమీయులు రోమీయులను వేలకొలది చంపుకొనియుండిరి. ఆ నాణెము వచ్చిన యేడే అతడు ఓడి, తన చేతులారా చచ్చెను.

జానసు గుడి తలుపుల సంగతి చెప్పి ముగించుదును. 537లో గోతు జనులు రోమాను ముట్టడించిరి. పట్టణము క్రైస్తవ పట్టణమై ఎంతో కాలమైనది. జానసు గుడి తలుపులు తెరచు ఆచారమును యుద్ధములలో సహితము విడిచిపెట్టియుండిరి. గుడి మాత్రము అట్లే నిలిచియుండెను, దాని తలుపులు కంచువి. ముట్టడి కాలమున కొందరు రహస్యముగా పోయి ఆ తలుపులను తెరువబోయిరని ఆనాటి చరిత్రకారుడైన ప్రొకోపియసు వ్రాసెను. ఎవరో పట్టుబడలేదు, ఆ గందరగోళములో విచారణయు జరుగలేదు. తలుపులు పూర్తిగా తెరచుకొనలేదు. అయితే మునుపటివలె ఒకదానితో ఒకటి అతికి మూసికొననూ లేదట.